సారంగ్‌ఖేడా నుంచి హనుమకొండకు: గుర్రాన్ని బండిలో తెచ్చిన నా అనుభవం

మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లాలోని సారంగ్‌ఖేడాలో, తాపీ నది ఒడ్డున, ఏటా దత్త జయంతి సమయంలో పెద్ద గుర్రాల సంత జరుగుతుంది. హనుమకొండలో పెళ్లి బరాత్‌లకు గుర్రాలను నడిపే మేము అక్కడ ఒక మార్వాడీ ఆడగుర్రాన్ని ఎంచుకున్నాము. బేరం త్వరగానే తెగింది. దానిని ధూలే, ఛత్రపతి శంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్), నాందేడ్, నిజామాబాద్, కరీంనగర్ మీదుగా దాదాపు 800 కిలోమీటర్లు క్షేమంగా తీసుకురావడమే అసలు పని.

ముందుగా కాగితాలు చూసుకున్నాము. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం, గుర్రం ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని, దానికి అంటువ్యాధులు లేవని పశువైద్యుడు ధ్రువపత్రం ఇవ్వాలి. దానితో పాటు గ్లాండర్స్ అనే అంటుజబ్బు ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఫలితం కూడా వచ్చిన తరువాతే డబ్బు చెల్లిస్తామని అమ్మకందారుతో ముందే మాట్లాడుకున్నాము. ఆ జబ్బు మనుషులకు కూడా సోకుతుంది. అది తేలిన గుర్రాన్ని చంపవలసిందే తప్ప వేరే దారి లేదు. కనుక ఈ పరీక్ష విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగకూడదని నా గట్టి అభిప్రాయం.

బండి మా ఊరి డీసీఎం వ్యాను, అంటే మధ్యరకం లారీ. ఒక్కొక్క గుర్రానికి కనీసం 2.25 చదరపు మీటర్ల చోటు ఉండాలని మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. చోటు ఇరుకైతే గుర్రం కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకోలేదు. బండి మలుపు తిరిగిన ప్రతిసారీ పక్క గెడకు ఒరుసుకుంటుంది. చెక్కల మీద రబ్బరు మ్యాట్, దానిపై మందంగా వరిగడ్డి పరిచాము. డిసెంబరు చలిగాలి నేరుగా ముఖానికి కొట్టకుండా ముందు వైపు టార్పాలిన్ కట్టి, గాలి ఆడేందుకు పక్కలను తెరిచే ఉంచాము.

నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకున్నది తాడు పొడవును. గుర్రం శ్వాసనాళంలో చేరిన దుమ్ము, కఫం తల కిందికి దించినప్పుడే బయటికి జారిపోతాయి. గంటల తరబడి మెడ ఎత్తి బిగించి కడితే అవి లోపలే నిలిచి, ఊపిరితిత్తులకు జబ్బు చేసి, ఇల్లు చేరిన తరువాత జ్వరంగా బయటపడతాయి. మాతో వచ్చిన చిచ్చాకు తన అనుభవం నుంచే ఈ సంగతి తెలుసు. "బిగించి కట్టకురా బిడ్డా, దగ్గు పట్టుకుంటది," అని, ఒక్క లాగుతో ఊడిపోయే ముడి వేశాడు. మూడు నాలుగు గంటలకోసారి బండి ఆపి, ఆ ముడి విప్పి, తడిపిన ఎండుగడ్డిని నేల మీదే వేసేవాళ్లము. తడి గడ్డి నుంచి దుమ్ము లేవదు, కడుపులోకి కాస్త నీరు కూడా పోతుంది.

నీళ్ల దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. గుర్రానికి వాంతి కాదు. నీళ్లు తగ్గితే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. జాల్నా దాటాక ఒక ధాబా దగ్గర బకెట్ పెడితే ఈ గుర్రం వాసన చూసి మూతి తిప్పేసింది. సారంగ్‌ఖేడా నుంచి క్యాన్లలో తెచ్చిన నీళ్లు పోసి, కొంచెం బెల్లం కలిపాము. అప్పుడు పై పెదవి ముంచింది, చెవులు వెనక్కీ ముందుకీ కదిపింది, ఆ తరువాత గుటకకు గుటక గొంతు వెంట దిగడం కనిపించింది. పంటి చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు తేలింది. డొక్కకు చెవి ఆనిస్తే పేగుల గుడగుడ వినిపించింది. అంతవరకు బండి తీయవద్దని డ్రైవర్ అన్నకు చెప్పాము. సడన్ బ్రేకులు వేయకుండా ఆయన చివరిదాకా నిదానంగా నడిపాడు.

రాత్రి నాందేడ్ దగ్గర తెలిసినవారి పొలంలో దింపి నడిపించాము. దాణా ఇవ్వలేదు, గడ్డి మాత్రమే పెట్టాము. మరునాడు నిజామాబాద్, జగిత్యాల దారిలో ప్రయాణం సాఫీగానే సాగింది.

హనుమకొండ చేరాక స్వారీ చేయించలేదు. పూటపూటా థర్మామీటరుతో జ్వరం చూశాము, 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే వెంటనే వైద్యుణ్ణి పిలవాలని రాసిపెట్టుకున్నాము, ఆ అవసరం రాలేదు. లద్ది మామూలుగా పడింది, దగ్గు లేదు. ఉలవలను కొద్దికొద్దిగా పెంచుతూ, రెండు వారాలు వేరే కొట్టంలో ఉంచి, ఆ తరువాతే మిగతా గుర్రాల పక్కన కట్టాము.