చెయ్యెత్తిన పాపానికి

2023 ఏప్రిల్ మొదట్లో పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ పాటల షో, ఎరాస్ టూర్, ఆర్లింగ్టన్ వచ్చినప్పుడు మా అమ్మాయి పోరు పడలేక నేనూ వెళ్లాను. డాలస్ పక్కనే ఉంటూ తప్పించుకోవడం ఎలాగూ కుదరదు. గేటు దగ్గర మణికట్టుకి కట్టుకునే లైటు బ్యాండ్ తలా ఒకటి చేతిలో పెట్టారు, ఎంతసేపు తిప్పి చూసినా దానికి స్విచ్ కనిపించలేదు.

చీకటి పడి పాట మొదలవగానే స్టేడియమంతా చేతులు వెలిగాయి, నాది తప్ప. వెనకాల ఎవరో నవ్వారు కూడా (నన్ను చూసే అనుకుంటా). పాడైందేమో, మార్చి ఇస్తారేమో అని నేను లేవబోతుంటే మా అమ్మాయి విసుగ్గా, "నాన్నా, ముందు చేతులు కట్టుకోవడం మానెయ్!" అంది. నిజమే, బడిలో పడిన అలవాటు, ఎక్కడ కూర్చున్నా చేతులు కట్టేసుకుంటాను, బ్యాండ్ చంకలో దాక్కుంది. చెయ్యి బయటికి తీసి పైకెత్తాను, రెండు సెకన్లలో నీలంగా వెలిగింది.

ఇంటికొచ్చాక చదివితే తెలిసింది కిటుకు. పిక్స్‌మాబ్ అని మాంట్రియల్ కంపెనీ వాళ్ల సరుకిది. టీవీ రిమోట్‌లో ఉండే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలే, కాకపోతే ఇక్కడ పెద్ద పెద్ద లైట్లలాంటి పరికరాల నుంచి జనం మీదికి వదులుతారు. ఆ కిరణం ఎవరి మీద పడితే వాళ్ల బ్యాండ్ అది చెప్పిన రంగులో వెలుగుతుంది. పరికరాన్ని అలా తిప్పుకుంటూ పోతే వెలుగు కూడా జనంలోంచి పాకుతూ పోతుంది, ఒకచోట అచ్చం పాములాగే పాకించారు. బ్యాండ్‌కి మన సీటు నంబరు తెలియక్కర్లేదు, కిరణానికి కనిపిస్తే చాలు. చంకలో ఉంటే ఏం కనిపిస్తుంది మరి!

కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ రాక్ బృందం వాళ్లు 2012లోనే ప్రేక్షకుల చేతికి లైట్లు కట్టించారు. ఈమధ్య టూర్‌లోనైతే షో అయ్యాక వెనక్కి తీసుకున్నారు, ఏ ఊరి జనం ఎంత శాతం తిరిగిచ్చారో తెర మీద వేసి మరీ సిగ్గుపడేలా చేశారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. మేం తెచ్చుకున్న రెండు బ్యాండ్లూ బ్యాటరీలతో సహా సొరుగులో పడున్నాయి, పారేయడానికి మనసు రాదు, వాడేది లేదు.

ప్రేక్షకులు కూడా షోలో భాగం అంటారు గానీ, ఇందులో మనం చేసేదేముంది అనిపిస్తుంది నాకు. మన ఆడియో ఫంక్షన్లలో యాంకర్ ఫోన్ టార్చ్‌లు వెయ్యమంటే వేసేవాడు వేస్తాడు, బద్ధకించేవాడు జేబులోంచి ఫోనే తియ్యడు. ఇక్కడ ఆ ఛాన్స్ లేదు, ఎప్పుడు ఏ రంగో ఎవరో ఎక్కడో కూర్చుని నొక్కుతారు, నేను ఒక చుక్కని, అంతే. అయినా పైనున్న మా సీట్లలోంచి కింద అన్ని వేల చుక్కలు ఒక్కసారిగా ఎర్రబడటం చూసి నోరు తెరుచుకుని ఉండిపోయానని ఒప్పుకోవాలి.

మూడు గంటలకు పైగా షో. మళ్లీ ఆరిపోతే మా అమ్మాయి తిడుతుందని చెయ్యి దించలేదు. "ఎలా జరిగింది?" అని మర్నాడు మా ఆవిడ అడిగే సమయానికి భుజానికి జండూబామ్ రాసుకుంటున్నాను.