విశాఖ నుంచి కళింగపట్నం: ఎదురుగాలి, ఇసుక, ఒక చైను

ఉత్తరాంధ్ర తీరాన్ని మోటారు సైకిళ్ల మీద విడతలుగా చూడాలని మిత్రుడూ నేనూ పెట్టుకున్న పనిలో ఇది నాలుగో ప్రయాణం. డిసెంబరు మూడో వారంలో ఒక శనివారం విశాఖ నుంచి కళింగపట్నం వెళ్లి, అదే రోజు తిరిగి వచ్చాము. మొత్తం 304 కిలోమీటర్లు తిరిగాము. అతనిది 350 సీసీ బండి, నాది పదేళ్లనాటి 150 సీసీ బండి కాబట్టి వేగం ఎంతన్నది ఎప్పుడూ నా బండే తేలుస్తుంది. జాతీయ రహదారి మీద కూడా ఎక్కడా 65 దాటలేదు.

చలికాలంలో పగలు చిన్నది. ఆ వారంలో ఇక్కడ ఆరుంబావు దాటాక పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఐదున్నరకే మునుగుతుంది. అందుకే 5:15కే ఆర్‌కే బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం దగ్గర కలుసుకుని బయలుదేరాము. విశాఖలో చలి ఏముంటుందని అనుకునేవారు ఒక్కసారి ఆ వేళ బండి మీద రుషికొండ దాటి చూడాలి. స్వెటరు గాలిని ఆపదు. దాని మీద వానకోటు తొడుక్కుని, ఛాతీకి అడ్డంగా రెండు పాత దినపత్రికలు మడిచి పెట్టుకోవడమే నాకు తెలిసిన మంచి ఉపాయం. ఎర్రమట్టి దిబ్బల పక్కగా సాగి, సూర్యుడు పైకి వచ్చే సమయానికి భీమిలి చేరాము. అక్కడ టీ తాగుతూ చేతివేళ్లకు స్పర్శ వచ్చేదాకా కూర్చున్నాము.

తీరం వెంట ప్రయాణం అంటే సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నేరుగా సాగిపోవడమని మొదట్లో నేనూ అనుకున్నాను. భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళానికి దిగువన నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి. ఈ నదులను దాటాలంటే ఒడ్డు వదిలి లోపలి రహదారికి రావాలి. అందువల్ల మా దారి దువ్వెనలాగా తయారయింది: రహదారి దాని వెన్ను, ఒడ్డుకు దిగే పల్లెదారులు దాని పళ్లు. ప్రతి పల్లెదారిలోనూ సముద్రం దాకా దిగి, మళ్లీ వెనక్కి ఎక్కాలి. భీమిలి నుంచి తగరపువలసకు వచ్చి గోస్తనిని దాటి, పూసపాటిరేగ వైపు నుంచి కోనాడకు దిగాము. సరుగుడు తోటలు, ఒడ్డున ఆరబెట్టిన నెత్తళ్లు, ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు చూస్తూ ముప్పావు గంట గడిపాము. తిరిగి వస్తుండగా వెనకాల వస్తున్న మిత్రుడు హారన్ కొట్టి ఆపాడు.

"ఒరే, నీ చైను కరకరలాడుతోంది, వినబడటం లేదా?"

తప్పు నాదే. బయలుదేరే ముందు రాత్రి చైనుకు చిక్కటి ఆయిల్ దండిగా పట్టించాను, పైన మిగిలినది తుడవలేదు. ఒడ్డున ఎగిరిన ఇసుక అంతా దానికే అంటుకుంది. సెంటర్ స్టాండ్ వేసి, సీసాలో తెచ్చుకున్న కిరోసిన్‌తో, పాత టూత్‌బ్రష్‌తో చక్రం తిప్పుకుంటూ లింకులన్నీ కడిగేసరికి అరగంట పట్టింది. చైను వదులు కూడా దాదాపు 40 మిల్లీమీటర్లకు పెరిగింది. వెనక యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు వైపులా గీతలు సమానంగా ఉండేలా సరిచూసి, 25కు తెచ్చాను. ఇసుక ఉన్నచోటికి వెళ్లేటప్పుడు ఆయిల్ పలచగా వేసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో పైపైన పూర్తిగా తుడిచేయాలి. ఆయిల్ పని లింకుల లోపలే, పైన మిగిలింది ఇసుకను పిలవడానికే.

రణస్థలం దాటాక ఎదురుగాలి తగిలింది. ఈ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, మా తీరమూ అటే సాగుతుంది. విశాఖలో నింపిన ట్యాంకును 126 కిలోమీటర్ల తరువాత శ్రీకాకుళంలో మళ్లీ నింపితే 2.9 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 43. అక్కడి నుంచి కళింగపట్నం వెళ్లివచ్చి, ఇంటిదాకా తిరిగిన 178 కిలోమీటర్లకు 3.6 లీటర్లు పట్టింది, అంటే 49. ఇది గాలి మహిమ అని నేను, చైను కడిగిన ఫలితం అని మిత్రుడు. అతని మాట పూర్తిగా కొట్టివేయలేను.

శ్రీకూర్మంలో పడమటి ముఖంగా ఉన్న స్వామినీ, రెండు ధ్వజస్తంభాలనూ చూసి, ఒంటిగంటకు కళింగపట్నం చేరాము. దీపస్తంభం నీడలో కూర్చుని, దారిలో కట్టలుగా కొన్న తేగలు ఒలుచుకు తిన్నాము. తేగ తినడం తొందరపడేవాళ్ల పని కాదు. శాలిహుండం బౌద్ధ స్తూపాలు దగ్గరలోనే ఉన్నా, గడియారం చూసి వదిలేశాము. ఆ నిర్ణయం మీద ఇప్పటికీ నాకు కొంచెం కోపమే.

2:45కు తిరుగుముఖం పట్టినా చివరి గంట చీకటిలోనే నడపవలసి వచ్చింది. కోతల కాలం కాబట్టి వెనక దీపం లేని గడ్డి ట్రాక్టర్లు దారంతా ఉన్నాయి. మిత్రుడి బండి దీపం పెద్దది కనుక అతన్ని ముందు ఉంచి, నేను 45 మీదనే నడిపాను. 6:30కు ఇల్లు చేరాక, అలసటగా ఉన్నా, డిస్కునూ ఫోర్కు గొట్టాలనూ మంచినీళ్లతో కడిగి తుడిచాను. ఉప్పును తెల్లవారేదాకా ఉంచితే తుప్పుకు అదే చాలు. మరునాడు కొలిస్తే చైను వదులు 28 ఉంది. శాలిహుండాన్ని బారువ వెళ్లే ఐదో ప్రయాణంలో కలుపుకున్నాము, ఈసారి శ్రీకాకుళంలో ముందురోజు రాత్రి బస చేసి.