షేకర్ మీద కాఫీ గ్లాసు

ముందే చెప్పేస్తున్నా, తప్పు నాదే. నడుస్తున్న ఇంజిన్ నెత్తిన స్టీలు గ్లాసులో నిండా ఫిల్టర్ కాఫీ పెట్టడం బుద్ధున్నవాడు చేసే పని కాదు. కానీ ఆ గ్లాసు దాకా వ్యవహారం ఎలా వెళ్ళిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేం ముగ్గురం. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే చాలామంది తెలుగువాళ్ళలాగే ముగ్గురం కార్ల కంపెనీలకి పనిచేసి బతుకుతున్నవాళ్ళమే. వారమంతా కార్ల గురించి మీటింగుల్లో కూర్చుని, శనివారం పొద్దున్న మళ్ళీ కార్ల కోసమే ఆరింటికి లేచి నోవైలో ఒక పార్కింగ్ లాట్‌లో చేరతాం. మే నుంచి అక్టోబర్ దాకా మాత్రమే. నవంబర్ వచ్చిందంటే మిషిగన్‌లో రోడ్లకి ఉప్పు కొడతారు, ఆవకాయలో కూడా అంత వెయ్యరు, ఆ ఉప్పుకి కారు అడుగంతా తినేస్తుంది. అందుకని ఆరు నెలలు గరాజ్‌లో దుప్పటి కప్పి, బ్యాటరీకి ఛార్జర్ తగిలించి పడుకోబెట్టడమే.

నాది 2004 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1. నీలం రంగు, అయిదు గేర్ల మాన్యువల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మా గుంటూరు బావది (వరసకి ఏమీ కాడు, గుంటూరు వాడు కాబట్టి బావ) 2016 డాడ్జ్ ఛాలెంజర్, స్కాట్ ప్యాక్ షేకర్ (షేకర్ అంటే ఏంటో తర్వాత చెప్తా). కరీంనగర్ తమ్ముడిది 2018 కమారో ఎస్‌ఎస్, హాట్ వీల్స్ ఎడిషన్. అవును, పిల్లలు నేల మీద దొర్లించే ఆ హాట్ వీల్సే. ఆ బొమ్మ కార్లకి 50 ఏళ్ళు నిండాయని షెవర్లే వాళ్ళు నారింజ రంగు వేసి, పక్కన ఆ మంట బొమ్మ బ్యాడ్జి పెట్టి అమ్మారు. వాళ్ళబ్బాయికి ఆరేళ్ళు. ఆ కారు తనకోసమే కొన్నారనీ, నాన్న దాన్ని కేవలం తోలిపెడుతున్నాడనీ వాడి గట్టి నమ్మకం. మేమేమన్నా అంటే తమ్ముడు పెద్దగా పట్టించుకోడు, ఆ పిల్లాడు మాత్రం మా ఇద్దరి వంకా ఆస్తి తగాదాల్లో చూసినట్టు చూస్తాడు.

ఇక తిట్లు. ఎవరి కారుకి ఏ తిట్టో ఎప్పుడో ఖాయమైపోయింది. ఛాలెంజర్ బరువు 1,900 కిలోలు, నాది 1,600 లోపే, కాబట్టి దాన్ని దున్నపోతు అంటాం. పైగా అది అమెరికన్ మజిల్ అని బావ ఛాతీ విరుచుకుంటాడు గానీ తయారైంది కెనడాలో, ఒంటారియో బ్రాంప్టన్ ప్లాంట్‌లో. నాది ఇక్కడికి అరగంట దూరంలో డియర్‌బోర్న్‌లో పుట్టింది. కమారోకి కిటికీలు ఎంత సన్ననివంటే లోపల కూర్చుంటే బంకర్‌లోంచి శత్రువుని చూస్తున్నట్టే ఉంటుంది, లేన్ మారాలంటే దేవుడి మీద భారం వెయ్యాల్సిందే. నా దాన్ని ఏమంటారంటే, 305 హార్స్‌పవర్. అంతే. ఆ అంకె చెప్పి ఆగిపోతారు. బావది 485, తమ్ముడిది 455. ఈ రోజుల్లో పిల్లల్ని స్కూల్లో దింపే ఫ్యామిలీ ఎస్‌యూవీకి కూడా 300 ఉంటోంది కదా అని ఒకసారి తమ్ముడు ఎంతో మర్యాదగా అన్నాడు, ఆ మర్యాదకే ఎక్కువ మండింది.

నా చేతిలో ఉన్న ఒకే ఒక్క బ్రహ్మాస్త్రం: ప్యాకేజీ. బావ ఎప్పుడు "నాది స్పెషల్ ఎడిషన్" అన్నా నేను "ఎడిషన్ కాదు బావా, ప్యాకేజీ" అంటాను. ఎందుకంటే షేకర్ అనేది ఛాలెంజర్ మీద డబ్బు కట్టి తీసుకునే ప్యాకేజీ. హాట్ వీల్స్ కూడా అంతే. నా తరం మాక్ 1 అలా కాదు, 2003, 2004 రెండేళ్ళే వచ్చింది, మామూలు మస్టాంగ్ జీటీకి లేని నాలుగు కామ్‌షాఫ్ట్‌ల (వాల్వులు తెరిచే కడ్డీల) ఇంజిన్ దానికి పెట్టారు, రెండేళ్ళూ కలిపి పదహారు వేల పైచిలుకే తయారయ్యాయి. ఫోర్డ్ కార్లకి మార్టీ రిపోర్ట్ అని ఒకటి తెప్పించుకోవచ్చు, కంపెనీ పాత రికార్డుల్లోంచి మన కారు ఎప్పుడు తయారైంది, ఏ షోరూమ్‌కి వెళ్ళింది, అలాంటివి ఎన్ని చేశారు అన్నీ తీసి ఇస్తారు. పెళ్ళి పీటల మీద ప్రవర చెప్పినట్టన్నమాట. నేను ఫ్రేమ్ కట్టించాను. ఆ కాయితంలో ఉన్న కిటుకేంటంటే, రంగుతో జల్లెడ పట్టి, గేర్‌బాక్స్‌తో పట్టి, లోపలి సీట్లతో పట్టి, అలా పడుతూ పోతే చివరికి ప్రపంచంలో నీలాంటి కారు నీదొక్కటే అని తేలుతుంది. తేలకపోతే ఇంకో జల్లెడ.

నిజానికి ఈ అరుదు సంగతి లోతుగా చూస్తే నవ్వొస్తుంది. 1969 జడ్‌ఎల్1 కమారో చూడండి, 427 క్యూబిక్ అంగుళాల అల్యూమినియం ఇంజిన్‌తో మొత్తం 69 కార్లే చేశారు, ఇవాళ దాని పేరెత్తితే కమారో వాళ్ళు చెప్పులు విడిచి మాట్లాడతారు. అప్పట్లో జరిగిందేంటి? ఇల్లినాయిలో ఫ్రెడ్ గిబ్ అనే డీలర్ పట్టుబట్టి యాభై ఆర్డర్ ఇచ్చాడు, తీరా బిల్లు చూస్తే ఒక్కో కారు ఏడు వేల డాలర్లు దాటింది, మామూలు కమారోకి రెండింతల పైనే. అమ్ముకోలేక చాలావాటిని వెనక్కి పంపేశాడు. 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్‌దీ అదే కథ. ముందు కొంగముక్కు, వెనక మనిషెత్తు రెక్క చూసి జనం దడుచుకుంటే, కొందరు డీలర్లు ఆ ముక్కూ రెక్కా ఊడబీకి దాని మామూలు మోడల్ రోడ్ రన్నర్ అని చెప్పి అమ్మేశారు. మనం ఇవాళ అపురూపం అని కళ్ళకద్దుకునేవాటిలో సగం ఆనాడు ఎవరూ కొనక మిగిలిపోయినవే. ఈ మాట నేనంటే బావ వెంటనే, "నీ మాక్ 1 మాత్రం జనం ఎగబడి కొన్నందుకే రెండేళ్ళలో ఆపేశారా?" అన్నాడు. దానికి నా దగ్గర ఇంకా సమాధానం లేదు.

మా ఒంగోలు వైపు బండలాగుడు పందేలకి ఎడ్లని తెచ్చే ఆసాములు మాట్లాడుకోవడం మీరు వినుంటే ఇదంతా మీకు కొత్తగా ఉండదు. తల్లి ఎవరిది, ఏ ఊరి కోడె, పోయినేడు సంక్రాంతికి ఎన్ని అడుగులు లాగింది, పక్కవాడి ఎద్దుకి మూపురం ఎందుకు అలా వాలింది. పందెం కాసేపటి ముచ్చట, మాటలు మాత్రం ఏడాదంతా. మా నాన్న ఇక్కడికొచ్చినప్పుడు ఒక శనివారం మాతో వచ్చి గంటసేపు మమ్మల్ని విని, "మరి ఎప్పుడు కడతారు?" అన్నాడు. దేనికి నాన్నా అంటే "బండకి" అన్నాడు.

బావకి ఒక కథ ఉంది, కొత్తవాడు ఎవడొచ్చినా పల్నాటి కథలాగా మొదలుపెడతాడు. 1970ల్లో డెట్రాయిట్‌లో రాత్రిపూట వుడ్‌వర్డ్ అవెన్యూ మీదకి ఒక నల్ల ఛాలెంజర్ వచ్చేది, 426 హెమీ అనే భారీ ఇంజిన్, పైకప్పుకి మొసలి చర్మంలాంటి కవరు. ఎదురొచ్చినవాణ్ణి ఓడించి మాయమైపోయేది. ఎవరిదో తెలీదు. బ్లాక్ గోస్ట్ అన్నారు జనం. తోలినవాడు గాడ్‌ఫ్రీ క్వాల్స్, డెట్రాయిట్ పోలీసు. పగలు పోలీసు డ్యూటీ, రాత్రి వీధి రేసులు, ఎవరికి చెప్పుకుంటాడు పాపం. ఆయన పోయేముందు కారు కొడుకు చేతిలో పెట్టాడు. 2023లో డాడ్జ్ వాళ్ళు ఆ పేరుతోనే 300 కార్లు చేశారు. ఈ కథ చెప్పేటప్పుడు బావ గొంతు తగ్గిస్తాడు, ఆ చివర్న ఆగి తన కారు వంక చూస్తాడు. తన కారు ఎరుపు. అయినా చూస్తాడు.

షేకర్ దగ్గరికి వస్తున్నా. మామూలుగా బానెట్ మీద ఉబ్బెత్తుగా ఉండే స్కూప్ (ఇంజిన్‌కి గాలి అందించే మూతి) బానెట్‌కే బిగించి ఉంటుంది. షేకర్ అలా కాదు, అది ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, బానెట్‌కి కన్నం కోసి అందులోంచి పైకి తలెత్తి చూస్తుంది. యాక్సిలరేటర్ ఒక్కసారి గుద్దితే ఇంజిన్ ఒక పక్కకి ఒరుగుతుంది కదా, దాంతో పాటు ఆ స్కూప్ కూడా జల్లుమని ఊగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డ్రైవర్ సీట్లోంచి అది చిన్నగా వణుకుతూ ఉండటం కనిపిస్తుంది, నిద్రపోతున్న కుక్క చెవి కదిలినట్టు. ఆ వణుకు కోసమే నేను ఈ కారు కొన్నాను, ఇంట్లో మాత్రం మంచి బేరం అని చెప్పాను. మస్టాంగ్‌కి ఇది 1969లో వచ్చింది, ఛాలెంజర్‌కి 1970లో. ఆ ఒక్క ఏడాది మీద మా ఇద్దరికీ ఎన్ని శనివారాలు గడిచాయో లెక్క లేదు.

పోయిన జూన్‌లో మాట మీద మాట పెరిగి, ఎవరి షేకర్ ఎక్కువ ఊగుతుంది అన్న దగ్గర తేలింది. తమ్ముడు కమారో వాడు కాబట్టి జడ్జి. ఫ్లాస్కులో కాఫీ ఉంది, రెండు స్టీలు గ్లాసులున్నాయి. ఒక్కో షేకర్ మీద ఒక్కో గ్లాసు, న్యూట్రల్‌లో మూడు సార్లు రెయిజ్ చెయ్యాలి, ఎవరి గ్లాసులో ముందు తొణికితే వాళ్ళు గెలిచినట్టు. బావది ముందు పెట్టారు. మూడు సార్లు గర్జించింది, కాఫీ మీద నురగ అటూ ఇటూ కదిలింది, చుక్క కింద పడలేదు. "మౌంటింగులు గట్టివి, ఇంజినీరింగ్ అంటే అదీ" అన్నాడు బావ, ఓడిపోతూ కూడా.

నా వంతు. మొదటిసారికే కాఫీ అంచు దాటింది. అక్కడితో ఆగాలి. ఆగలేదు. మూడూ కొట్టాల్సిందే అని కొట్టాను. రెండోదానికి గ్లాసు జారి స్కూప్ నల్ల అంచు మీద పడి, కరకరమని శబ్దం చేసుకుంటూ దొర్లి, బానెట్ మీద ఒక పల్టీ కొట్టి కింద పడింది. స్కూప్ మీద వేలెడు గీత, తెల్లగా, కింది ప్లాస్టిక్ కనిపించేలాగా. ఇరవై ఏళ్ళు ఎండనీ రాళ్ళనీ తట్టుకున్న కారు. హాట్ వీల్స్ పిల్లాడు దగ్గరికొచ్చి చూసి, "అంకుల్ గెలిచాడా?" అన్నాడు. "గెలిచిండు బేటా" అన్నాడు వాళ్ళ నాన్న, నవ్వాపుకుంటూ.

ఇక్కడ పసుపు పట్టీల గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఛాలెంజర్ ముందు బంపర్ కింద సన్నటి పెదవిలాగా ఒకటుంటుంది, స్ప్లిటర్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి షోరూమ్‌కి లారీలో వచ్చేటప్పుడు అది గీసుకుపోకుండా పసుపు ప్లాస్టిక్ పట్టీలు తొడిగి పంపేవారు. డెలివరీకి ముందు షోరూమ్ వాళ్ళు తీసెయ్యాలి. కొన్నవాళ్ళేమో భలే ఉన్నాయని ఉంచేసుకున్నారు, అదొక ఫ్యాషనైపోయింది, దాని మీద డాడ్జ్ వాళ్ళలో వాళ్ళకే రెండు పార్టీలున్నాయి. బావ ఉంచుకునే పార్టీ. కొత్త సోఫాకి పాలిథిన్ కవరు, టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు, అలా పెరిగిన ప్రాణం కదా, ఎలా తీస్తాడు. దాని వెనక ఇసుక చేరి పెయింట్ అరిగిపోతుందని ఎనిమిదేళ్ళుగా చెప్తున్నాం. "తీస్తా, మంచి రోజు చూసి తీస్తా" అనేవాడు.

ఆగస్టు మూడో శనివారం డ్రీమ్ క్రూజ్. 1995లో మొదలైంది, కరోనా వచ్చిన 2020 తప్ప ఏటా జరుగుతోంది, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వర్డ్ పొడుగునా పాత కార్లన్నీ రోడ్డెక్కుతాయి. పేరుకి క్రూజ్ గానీ అది ట్రాఫిక్ జామ్. మేం ముగ్గురం కలిపి పన్నెండు వందల హార్స్‌పవర్ పైనే తీసుకెళ్ళి గంటకి పది మైళ్ళు పాకుతాం. నాకు క్లచ్ కాలు లాగేస్తుంటే ఆటోమేటిక్ ఛాలెంజర్‌లో బావ ఏసీ వేసుకుని పాటలు వింటూ అద్దంలోంచి చెయ్యి ఊపుతుంటాడు. పోయినేడు బర్మింగ్‌హామ్ దగ్గర పక్కకి ఆపి, నేను నీళ్ళ సీసా తెచ్చుకోవడానికి వెళ్ళొచ్చేసరికి నా కారు చుట్టూ నలుగురు చేరి ఫోటోలు తీస్తున్నారు. ఏంటా అని చూస్తే, నా షేకర్ మీద ఆ గీత ఉన్నచోట సరిగ్గా అంత మేర కోసి, డబుల్ టేపుతో నీటుగా అతికించిన పసుపు పట్టీ. వెనక్కి తిరిగి చూశాను. ఛాలెంజర్ ముందు పెదవి బోసిగా ఉంది, పట్టీ ఉన్నంత మేరా ఎరుపు పెయింట్ అరిగి మచ్చలు మచ్చలుగా.

ఫుట్‌పాత్ మీద మడత కుర్చీలో ఎప్పుడూ ఒక పెద్దాయన కూర్చుంటాడు, పక్కన 1987 బ్యూయిక్ గ్రాండ్ నేషనల్, నల్లది. వీ6 టర్బో, అంటే ఆరు సిలిండర్లే, అప్పట్లో ఎన్నో ఎనిమిది సిలిండర్ల వీ8ల పరువు తీసిన కారు. ఆయన మా గోల విని నవ్వడమే గానీ ఒక్క మాట కలపడు. ఆ రోజు లేచి వచ్చాడు, కళ్ళజోడు సర్దుకుని ఆ పసుపు ముక్కని దగ్గరగా చూశాడు, వేలితో ఒకసారి నొక్కాడు. మాక్ 1కి ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదే, ఇది ఏ ఎడిషన్ అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి బావ గొంతు.

"ఎడిషన్ కాదండీ. ప్యాకేజీ."