అంబాసిడర్ టాపు మార్పించాను - నా అనుభవం

మొన్ననే బండి ఇంటికొచ్చింది, కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నా. మాది అమలాపురం పక్కన పల్లె. బండి 1984 మార్క్ 4, మా నాన్నగారు కొన్నది. గాలివానకి కొబ్బరిగెల ఊడి టాపు మీద పడింది, వెనక సీటు పైన జానెడు సొట్ట. కొబ్బరిచెట్టు కింద బండి ఎందుకు పెట్టావని అడక్కండి, కోనసీమలో చెట్టు లేని జాగా చూపించి అప్పుడు అడగండి. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీదే కాబట్టి రూపాయి రాదు, అది మన బండి వల్ల అవతలోళ్ళకి జరిగిన నష్టానికి మాత్రమే.

ముందు టౌన్లో ఓ షాపుకిచ్చా, పేరు చెప్పను. గాజు తలుపు, ఏసీ గది, కూర్చోగానే కాఫీ. చెప్పినదానికన్నా ముందే ఇచ్చేశారు, మెరిసిపోతోంది, డబ్బు మొత్తం కట్టేసి తెచ్చుకున్నా.

ఆ తర్వాత పాలకొల్లులో మా మేనకోడలి పెళ్ళికి వేసుకెళ్ళా. కల్యాణమండపం బయట మగపెళ్ళివారి డ్రైవర్లు చుట్టూ చేరి ఇంకా ఎంత బాగా ఉంచారండీ అంటున్నారు, నేనూ కాస్త గొప్పలు పోతున్నా, ఈలోగా ఎవరి కుర్రాడో టాపు మీద చెయ్యి ఆనించాడు. టపక్‌మని లోపలికి పోయింది. చెయ్యి తీస్తే టపక్‌మని పైకొచ్చింది. వాడికి అదో ఆట అయిపోయింది, టపక్, టపక్. మా బావమరిది అందరి ముందూ "బావా, మేళం మేం మాట్లాడాం కదా, మళ్ళీ నువ్వొకటి తెచ్చావేంటి" అన్నాడు. నవ్వులే నవ్వులు. అంతటితో పోతే పర్లేదు, ఒక డ్రైవరు తాళాలగుత్తికున్న అయస్కాంతం తీసి టాపు ముందువైపు పెట్టాడు, టక్కున అంటుకుంది. సొట్ట ఉన్నచోట పెడితే అసలు పట్టుకోలేదు, వేలితో తోస్తే జారిపోయింది. "లోపల పుట్టీయేనండి, మందంగా మెత్తేశారు" అన్నాడు. పుట్టీ అంటే సొట్ట పూడ్చి పైన నున్నగా చేసే ముద్ద. భోజనాల బంతిలో కూడా నా టాపు కబురే, ఎదురుబంతిలో కూర్చున్న పెద్దాయన "బాబూ, మీదేనా ఆ సౌండు కారు" అని అడిగాడు. బూరె గొంతు దిగలేదు నాకు.

షాపుకెళ్ళి అడిగితే ఓనరు ఫోన్లోంచి తలెత్తలేదు. "నలభై ఏళ్ళ బండికి ఇంతకంటే ఏం చేస్తామండీ, తుక్కుకి ఇచ్చేయండి" అన్నాడు, పనివాళ్ళ ముందే. కాఫీ ఇచ్చే షాపుకి టింకరింగ్ పని, అదే రేకు సొట్టలు తీసే పని, ఇవ్వొద్దు, అంతే నేను చెప్పేది.

రావులపాలెంలో ఒక పెద్ద మేస్త్రీ గారి దగ్గరికి పట్టుకెళ్ళా. ఆయన పుట్టీ గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద సొట్ట చాలావరకు అలాగే ఉంది, లాగడానికి డ్రిల్లుతో వేసిన కన్నాలు కూడా పూడ్చకుండా పైన మెత్తేశారు. పుట్టీ తేమ పీలుస్తుంది, మన ఉప్పుగాలి సంగతి తెలిసిందే, కన్నాల చుట్టూ రేకుని తుప్పు తినేసింది. ఆ టపక్ ఎందుకంటే దెబ్బకి రేకు సాగిందట, సాగిన రేకు ఆ జాగాలో పట్టక పైకో కిందకో పోతుందట. మొదటే అయితే గ్యాస్‌తో రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, కింద డాలీ (రేకుకి ఆనించే ఇనప దిమ్మ) పట్టి సుత్తితో కొట్టి, తడిగుడ్డ వేస్తే ముడుచుకునేదట. "ఇంక ఇందులో ఏం లేదండి, టాపే మార్చేద్దారి, ఆయ్" అన్నారు.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆపేశారు, కొత్త టాపు ఎక్కడ దొరుకుద్ది. విజయవాడ ఆటోనగర్‌లో తుక్కు బండిది దొరికింది. పిల్లర్లు, అంటే టాపుని మోసే స్తంభాలు, కాస్త పొడుగు వదిలి కోయించుకోండి, తర్వాత తగ్గించుకోవచ్చు, అతకలేం. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి, రేపెవడైనా ఇదెక్కడిదంటే కాగితం ఉండాలి.

హెడ్‌లైనింగ్ (టాపు లోపలివైపు రెక్సిన్ కప్పు) మొత్తం తియ్యందే వెల్డింగ్ ముట్టుకోనన్నారు మేస్త్రీ గారు, రెక్సిన్ అంటుకుంటే బండే పోద్దని. పాత టాపు కోసేముందు పిల్లర్ల మధ్య ఇనప బద్దీలు అతికించారు, లేకపోతే బాడీ కదిలిపోయి తలుపులు పడవు. తలుపుల పైన నీళ్ళగాడి వెంబడి వేలితో తడుముతూ స్పాట్ వెల్డింగ్ చుక్క తగిలిన ప్రతిచోటా సుద్దముక్కతో సున్నా చుట్టి, ఒక్కొక్కటే డ్రిల్లు చేసి విడదీశారు. కొత్తది అతికేటప్పుడు ఇక్కడో చుక్క అక్కడో చుక్క, మధ్యలో చల్లారనిచ్చి, చెయ్యి పెట్టి చూసి మళ్ళీ. ఒకేచోట కాలిస్తే రేకు వంకర్లు పోతుంది మరి. నేను పక్కన కుర్చీ వేసుకుని అంతా చూశా, టీలు నేనే తెప్పించా.

తర్వాత పనులు తేలిక. గాడిలో సీలెంట్, ప్రైమర్, పాత తెల్లరంగే. రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రెన్యూవల్ ఎలాగూ ఉంది, ఆ ఆఫీసు మెట్లు ఎక్కువసార్లు ఎక్కే ఓపిక నాకు లేదు. హెడ్‌లైనింగ్ ఆటో సీట్లు కుట్టే కుర్రాడు కుట్టాడు, శుభ్రంగా వచ్చింది. వెనకద్దం రబ్బరు ఒక్కటే దొరకలేదు, పాతదానికే సీలెంట్ పెట్టి నడుపుతున్నా. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, డబ్బులిచ్చే తీసుకుంటా.