పిల్లలతో పరిచర్యకు: సిక్కోలు నుంచి తూర్పు ఆఫ్రికా వెళ్లే కుటుంబాలకు

శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి సంఘాల్లో పెద్దవాళ్లకి మిషనరీ అంటే కెనడా నుంచి వచ్చిన దొరగారు, దొరసానమ్మే గుర్తు. మనవాళ్లు మిషనరీలుగా బయటి దేశాలకి వెళ్లడమూ కొత్తేమీ కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి పంపారు, అక్కడి తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య పరిచర్య చేయడానికి. ఆయన భార్యాబిడ్డలతోనే వెళ్లారు.

ఇవాళ ఒక కుటుంబాన్ని పంపేటప్పుడు సంఘం టికెట్లు, వీసా, నెలనెలా పంపాల్సిన డబ్బు అన్నీ లెక్క కడుతుంది. పిల్లల సంగతికి వచ్చేసరికి ‘ప్రభువే చూసుకుంటాడు’ అని ప్రార్థన చేసి ముగిస్తుంది. ఆ నమ్మకం మాకూ ఉంది. అయినా పిలుపు అందుకున్నది అమ్మానాన్నలు. ఎనిమిదేళ్ల గుంటడిని ఎవరూ అడగలేదు. ఒకప్పుడు మన దేశానికి వచ్చిన పాశ్చాత్య మిషనరీలు పిల్లల్ని కొండల మీది హాస్టల్ బడుల్లో ఉంచేవారు. కొడైకెనాల్‌లో 1901లో బడి పెట్టింది అలాంటి పిల్లల కోసమే. అమ్మానాన్నల పరిచర్యకి అయిన ఖర్చులో పెద్ద వాటా ఆ పిల్లలే మోశారు. 1950లలో రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త తల్లిదండ్రుల సొంత దేశం కాని చోట పెరిగే ఇలాంటి పిల్లలకి ‘థర్డ్ కల్చర్ కిడ్స్’ అన్న పేరు పెట్టింది కూడా మన దేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలను చూసే. మన పిల్లల వాటా ఎంతో బయల్దేరే ముందే కాగితం మీద వేసుకోవాలి.

మొదట జనన ధ్రువపత్రం తీసి చూడండి. పుట్టిన వెంటనే తీసుకున్నదైతే పేరు గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. 15 ఏళ్ల లోపు పేరు చేర్పించుకోవచ్చు. మన ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. సర్టిఫికెట్‌లో ఒక పేరు, శిశు ప్రతిష్ఠ రోజున పాస్టరు గారు పెట్టిన బైబిలు పేరు ఇంకొకటి, బడి రిజిస్టర్లో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరం. పిల్ల పాస్‌పోర్టులో ఇంటిపేరు తండ్రి పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే పూర్తిగా ఉంటే తర్వాత బోలెడు తిరుగుడు తప్పుతుంది. మైనర్ల పాస్‌పోర్టు 5 ఏళ్లకి, లేదా 18 నిండేదాకా, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. కాబట్టి పరిచర్య గడువు మధ్యలో అది అయిపోతుందేమో చూసుకోవాలి. కెన్యాలో మత, ధార్మిక సేవకి ఇచ్చే వర్క్ పర్మిట్ క్లాస్ ఐ. కుటుంబానికి డిపెండెంట్ పాస్, చదువుకునే పిల్లలకి ప్యూపిల్స్ పాస్ అని వేరే ఉంటాయి. సందర్శకుల అనుమతి మీద వెళ్లిపోయి అక్కడ సర్దుకుందామనుకుంటే ముందు ఆగిపోయేది పిల్లల బడే.

బిడ్డ అక్కడే పుడితే ఏడాది లోపు భారత హైకమిషన్‌లో నమోదు చేయించాలి. మన పౌరసత్వ చట్టం ప్రకారం 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన పిల్లలకి ఇది తప్పనిసరి. బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి కూడా. ఏడాది దాటితే ఢిల్లీ అనుమతి కావాలి, అది తేలడానికి చాలాకాలం పడుతుంది.

ఎల్లో ఫీవర్ టీకా విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. 9 నెలలు నిండని పసివాళ్లకి వేయరు. గుడ్డు పడని పిల్లలుంటే డాక్టరుకి ముందే చెప్పాలి. టీకా సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు కార్డుని పాస్‌పోర్టుతో కలిపి పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అది లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. మలేరియా సీతంపేట, సాలూరు వైపు వాళ్లకి తెలియంది కాదు. కానీ అక్కడిది ఎక్కువగా ఫాల్సిపేరం రకం, క్లోరోక్విన్‌కి లొంగదు. పిల్లకి జ్వరం తగిలితే పారాసిటమాల్ వేసి రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. సెలవుకి శ్రీకాకుళం వచ్చాక జ్వరం వచ్చినా ఆఫ్రికా నుంచి వచ్చామని డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి.

అసలు తలనొప్పి చదువు. కెన్యాలో విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, మన దగ్గర జూన్‌లో. ఇక్కడ ఏప్రిల్‌లో పరీక్షలు రాసి వెళ్లిన పిల్ల అక్కడ ఏడాది మధ్యలో పడుతుంది. డిసెంబరులో తిరిగొస్తే ఇక్కడ సగం సిలబస్ అయిపోయి ఉంటుంది. ఎటు వెళ్లినా కొన్ని నెలలు పోవడం ఖాయం, అది ఐదో తరగతి లోపు పోతే పెద్ద నష్టం లేదు. తొమ్మిదిలో పోకూడదు. ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ సీటుకి స్థానిక అభ్యర్థి అనిపించుకోవాలంటే అర్హత పరీక్ష దాకా వరసగా 4 ఏళ్లు ఇక్కడ చదివి ఉండాలి. 85 శాతం సీట్లు స్థానికులవే. ఆ నాలుగేళ్లంటే తొమ్మిది, పది, రెండేళ్ల ఇంటర్. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నవాళ్లని రుజువు చూపిస్తే మిగతా 15 శాతంలో పోటీ పడవచ్చుగానీ అది ఇరుకు దారి. కాబట్టి పెద్దపిల్ల ఏడో తరగతిలో ఉండగానే భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట ఇది: పై చదువు ఇక్కడా, వేరే చోటా? బ్రిటిష్ పద్ధతి చదువైన ఐజీసీఎస్‌ఈ చదివిస్తే అది మన పదో తరగతితో సమానం. ఇంటర్‌తో సమానం కావాలంటే ఆపై ఏ-లెవెల్స్ పూర్తి చేయాలి, తర్వాత భారత విశ్వవిద్యాలయాల సంఘం నుంచి సమానత్వ పత్రం తెచ్చుకోవాలి. ఈ సంగతి ముందే తెలియక ఐజీసీఎస్‌ఈతో ఆపి వచ్చేస్తే పిల్ల మళ్లీ ఇంటర్ మొదటి ఏడాదిలో చేరాల్సిందే. పంపే సంఘం ఫీజుల లెక్కని ఏ-లెవెల్స్ దాకా వేయాలి.

ఇక తెలుగు. మిషనరీ ఇళ్లలో పిల్లలకి ప్రార్థన తెలుగు బాగా వస్తుంది. 23వ కీర్తన గడగడా చెప్తారు, పరలోక ప్రార్థన తప్పు లేకుండా చెప్తారు. మామ్మ ఫోన్‌లో ‘ఏటి తిన్నావు, జొరమేటి తగ్గిందా’ అంటే అర్థం కాక అమ్మ మొహం చూస్తారు. పుస్తకం తెలుగు ఒక్కటే విని పెరిగితే ఇదే జరుగుతుంది. ఇంట్లో మాటలు ఆ పిల్లలకి ఇంగ్లీషులోకి, ఊళ్లో మాటలు స్వాహిలీలోకి వెళ్లిపోతాయి, తెలుగుకి చర్చి మాత్రమే మిగులుతుంది. దీనికి విరుగుడు ఫోనే. మనకీ నైరోబీకీ రెండున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం నాలుగున్నరైతే ఇక్కడ ఏడు, పెద్దవాళ్లు ఇంకా పడుకోరు. వారానికి రెండుసార్లు పిల్ల చేతికే ఫోన్ ఇచ్చి అమ్మానాన్న పక్క గదికి వెళ్లిపోవాలి. పక్కన ఉంటే మామ్మ అడిగిందల్లా మనమే ఇంగ్లీషు చేసి చెప్తాం. సిక్కోలు యాస నేర్చుకుంటుందేమోనన్న బెంగ వద్దు. అది మామ్మ మాట్లాడే భాష, పిల్లకి కావాల్సింది అదే.

రాతకి వర్ణమాల మొత్తం వల్లెవేయించడంతో మొదలుపెట్టకండి. ఋ దగ్గరికి వచ్చేసరికే పిల్లలు విసుగెత్తి లేచిపోతారు. త, మ, ల, ర, న, క అనే ఆరు అక్షరాలు, తలకట్టు, దీర్ఘం చాలు. తాత, మామ, తల, కల, మాల, రాత, నార, కాకర అన్నీ వాటితోనే రాయొచ్చు. రెండు వారాలకి పిల్ల చదివేస్తుంది. తర్వాత గుడి, కొమ్ము, సున్న. ఒత్తులు మూడో నెలలో అమ్మ, అన్న, అక్కలతో. రోజుకి పావుగంట, అంతకు మించి కూర్చోబెట్టొద్దు. ఎక్కువగా తప్పేది త, ట దగ్గర. ఇంగ్లీషు బడికి వెళ్లే పిల్ల చెవికి రెండూ ఒక్కటే. పాత–పాట, మాత–మాట, కోత–కోట ఇలా జతలుగా చెప్పి, ఏది విన్నదో వేలితో చూపించమనండి. చెవి విడదీశాకే నోరు విడదీస్తుంది. ముందే నోటిని సరిదిద్దబోతే పిల్ల మాట్లాడటమే మానేస్తుంది.

తిండి విషయంలో ఒక సంతోషం చెప్పాలి. మన చోడి (రాగి) పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తుప్రాంతాల్లో. కెన్యాలో దాన్ని వింబి అంటారు, జావ కాచి ఊజి అని తాగుతారు. ఏ సంతకి వెళ్లినా దొరుకుతుంది. కాకపోతే కొట్లో అమ్మే ఊజి పిండిలో జొన్న, మొక్కజొన్న కలిసి ఉంటాయి, ఉత్త వింబి పిండే కావాలని అడగాలి. నలుగురికి అంబలంటే, అర గ్లాసు పిండి ఒక గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. నైరోబీ సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రాత్రిళ్లు చలి. మన దగ్గర ఒక్క రాత్రిలో పులిసేది అక్కడ పులవదు, ఇంకో పూట ఆగండి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు మరుగుతుండగా ఆ కలిపిన పిండి పోస్తూ ఆపకుండా తిప్పాలి. పొడి పిండి మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండల లోపల పచ్చిపిండి మిగిలిపోయి పిల్లలకి కడుపునొప్పి వస్తుంది. పదిహేను నిమిషాలు సన్న మంట మీద ఉడికి రంగు ముదిరాక దించి, పూర్తిగా చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. వేడి మీదే మజ్జిగ పోస్తే విరిగిపోతుంది. పక్కింటి కెన్యా పిల్లలు ఊజి తాగుతుంటే మన పిల్ల అంబలి గ్లాసు పట్టుకుని వాళ్ల మధ్య కూర్చోవచ్చు, ఎవరికీ ఏదీ వివరించక్కర్లేదు.

ఇంటి సంగతి కటువుగానే చెప్పాలి. మిషనరీ ఇల్లు సత్రం లాంటిది, ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి ఉంటారు. మన అలవాటు ప్రకారం అతిథికి పిల్లల మంచం ఇచ్చేస్తాం, పిల్లల్ని కింద పడుకోబెడతాం, ఒక్కోసారి అదే గదిలో. ఇది మానేయాలి. పిల్లల గది పిల్లలదే. అతిథికి ముందుగదిలో పక్క వేయండి, పాస్టరు గారైనా, బంధువైనా సరే. ఆదివారం బడిలో ఏ పిల్లతోనైనా పెద్దమనిషి ఒక్కరే తలుపు వేసుకుని ఉండకూడదు, కనీసం ఇద్దరు పెద్దలుండాలి. ఈ నియమాన్ని గోడ మీద అంటించండి. నమ్మకం లేదా అని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. నెలనెలా పంపే ప్రార్థన ఉత్తరంలో పిల్లల ఫోటో, బడి పేరు, తరగతి కలిపి వేయొద్దు. ఆ ఉత్తరం వాట్సాప్‌లో ఎంత దూరం వెళ్తుందో మన చేతిలో ఉండదు. పిల్ల జ్వరం, పిల్ల మొండితనం, పరీక్షలో తప్పడం కూడా ప్రార్థన అంశాలుగా రాయకండి. పదమూడేళ్లు దాటిన పిల్ల గురించి ఏ సంగతైనా రాయాలంటే ముందు ఆ పిల్లనే అడగండి.

సెలవుకి వచ్చినప్పుడు సంఘాలన్నీ పిలుస్తాయి. పాలకొండ ఒక ఆదివారం, రాజాం ఇంకో ఆదివారం, మధ్యలో వారపు కూటాలు. ప్రతిచోటా ‘బాబూ, స్వాహిలీలో ఒక పాట పాడమ్మా’ అంటారు, ప్రేమతోనే. మొదటి మూడు వారాలు ఏ సంఘానికీ మాట ఇవ్వకండి. ఆ మూడు వారాలూ పిల్లలు తాతగారింట్లో, పెద్దమ్మ పిల్లలతో ఉండాలి. నిద్ర కుదురుకోవాలి, ఎండకి అలవాటుపడాలి, పెద్దలకి ‘వందనాలు’ అని ఎప్పుడు చెప్పాలో, అప్పని, బావని ఎలా పిలవాలో ఎవరూ నేర్పకుండా పట్టుబడాలి. ఏప్రిల్, మే నెలల్లో రావడం కంటే డిసెంబరు ఆఖరులో వచ్చి సంక్రాంతి దాకా ఉంటే బంధువులందరూ ఊళ్లోనే దొరుకుతారు. కెన్యా బడికి కూడా అవి సెలవులే, జనవరిలో ఒకటి రెండు వారాలు మాత్రం అడిగి తీసుకోవాలి. వేదిక మీద పాడనన్న పిల్లని బలవంతపెట్టొద్దు. ‘ఈరోజు పాడదండి’ అని నాన్న మైకులో చెప్పేస్తే చాలు, సంఘం అర్థం చేసుకుంటుంది.

ఒక పని మాత్రం పంపే సంఘమే చేయాలి. పాస్టరు గారు కాకుండా, కమిటీ సభ్యుడు కాకుండా, సంఘంలో ఒక అక్కనో అన్ననో ఆ పిల్లల కోసం ఏర్పాటు చేయాలి. పరిచర్య నివేదికలు ఆ మనిషి అడగరు. బడి ఎలా ఉంది, స్నేహితులెవరు, ఇంటికి రావాలనిపిస్తోందా అని మాత్రం నెలకోసారి అడుగుతారు. ‘ఇక్కడ నచ్చట్లేదు’ అని పిల్ల చెప్తే అది తల్లిదండ్రుల విశ్వాస లోపంగా కమిటీకి చేరకూడదు. అలా ఒక్కసారి చేరినా పిల్ల ఇంకెప్పుడూ నిజం చెప్పదు. ఆ మనిషి ఎవరో టికెట్లు కొనకముందే తేల్చండి. ఫోన్ నంబరు పిల్ల నోట్‌బుక్‌లో పిల్ల చేతే రాయించండి.