ఉప్పుగాలికి పట్టేసిన హ్యాండ్ బ్రేక్

కొబ్బరికాయలు దింపించాలని పొద్దున్నే తోటకి బయల్దేరితే జీపు కదల్లేదు. ఇంజిన్ ఒక్క సెల్ఫుకే అందుకుంది. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలితే వెనకవైపు కుంగిందే తప్ప బండి ముందుకు రాలేదు. రివర్స్ వేస్తే కుడి చక్రం టప్‌మని విడిపోయింది. ఎడమది మాత్రం తిరక్కుండా ఇసుకలో చాలు తీస్తూ ఈడ్చుకొచ్చింది. అక్కడితో ఆపేశాను. ఇంకా తొక్కి లాగితే, చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపల్నుంచి అదిమి ఆపే బ్రేకు షూ మీది లైనర్ (రాపిడి పొర) ఊడొచ్చేస్తుంది.

పోయిన వారం బావ కళ్లం నుంచి ధాన్యం బస్తాలు తోలి, బండి శుభ్రంగా కడిగి, వాకిలి పల్లంగా ఉంటుందని హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి వెళ్లాడు. ఆయన జాగ్రత్త ఆయనది. కానీ మాది బారువ పక్క ఊరు, సముద్రపు హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. చలిదేశాల్లో డ్రమ్ములో నీరు గడ్డకట్టి బ్రేకులు పట్టేస్తాయట. ఉద్దానంలో అంత చలి ఎక్కడిది? ఇక్కడ పని చేసేది ఉప్పుగాలి, పుష్యమాసపు మంచు. షూ డ్రమ్ముని అదిమి పట్టుకున్న చోట తడి ఆరదు. అక్కడ తుప్పు పట్టి రెండూ అతుక్కుపోతాయి.

సోంపేట నుంచి మెకానిక్ వచ్చాడు. "ముందు కేబులా, షూవా తేల్చాలి బాబూ" అంటూ కిందకి దూరాడు. లివర్ దింపితే డ్రమ్ము వెనక కేబుల్ లాగే చిన్న చెయ్యి కూడా వెనక్కి వచ్చింది. అంటే కేబుల్ వదిలింది, పట్టుకున్నది షూనే. ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, వెనక జాకీ ఎత్తి, చక్రం తీశాడు. డ్రమ్ముకి చెక్కముక్క ఆనించి చుట్టూ సుత్తితో తడుతూ పోయాడు. తొందరపడలేదు. నూనె కొడదామని పక్కింటి కుర్రాడంటే వద్దన్నాడు. లైనర్‌కి నూనె తగిలితే ఇక బ్రేకు పట్టదు.

డ్రమ్ము ఊడాక చూస్తే లోపల షూ ఆకారంలోనే ఎర్రటి తుప్పు అచ్చు, అంచులు గీత గీసినట్టు. దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్దాడు. దుమ్ము ఊదకుండా తడిగుడ్డతో తుడిచాడు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఈ జీపుకి ఏమైనా అయితే నాకు టెన్షనే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి చెట్లు కూలి దారులు మూసుకుపోయినప్పుడు, ఫోర్ వీల్ వేసుకుని తోటలకి అడ్డంపడి మంచినీళ్లు చేర్చింది ఇదే.

కేబుల్ తొడుగు కూడా ఒకచోట చిట్లింది. అక్కడ నీరు దిగితే ఈసారి కేబులే పట్టేస్తుంది. పలాస నుంచి కొత్తది తెప్పించాలి. బావకి ఫోన్ చేసి చెప్పాను: కడిగాక కాస్త దూరం నడిపి, బ్రేకు నాలుగుసార్లు తొక్కి డ్రమ్ములు ఆరనివ్వు, రోజులతరబడి నిలిపేటప్పుడు గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టు. అలాగని హ్యాండ్ బ్రేక్ వాడ్డం మానేయకు, కదలిక లేకపోతే కేబుల్ బిగుసుకుపోతుంది. "సరే బావా, పెద్ద రాయి నేనే తెస్తాను" అన్నాడు.

కాయలు దింపేవాళ్లని రేపు రమ్మన్నాను.