మొదటి పట్టునే కొలవాలి

మయోటోనియా కంజెనిటా అంటే బిగిసిన కండరం వెంటనే వదులు కాని పుట్టుకతో వచ్చే జబ్బు; అది ఉన్న మనిషి చూడ్డానికి బలహీనంగా ఉండడు. నా తొడలు, పిక్కలు చిన్నప్పటి నుంచీ కసరత్తు చేసేవాడివిలాగే ఉండేవి. అందుకే కూర్చున్నవాణ్ణి ఒక్కసారిగా లేచి పరుగెత్తబోయి కింద పడినప్పుడల్లా ఇంట్లోవాళ్లు కంగారనుకున్నారు. లేవగానే కొయ్యబారే కాళ్లు కొన్ని అడుగులు వేశాక వాటంతటవే వదులయ్యేవి.

ఆ వదులు కావడమే జబ్బును కప్పిపెట్టింది. ఆసుపత్రిలో మెట్లెక్కి, వరండా అంతా నడిచి డాక్టరుగారి గదికి చేరేసరికి నా కండరాలు సర్దుకునేవి. ఆయన నన్ను నడిపించి చూసి, ఏమీ లేదని పంపేసేవారు.

చివరికి హైదరాబాదులో ఒక న్యూరాలజిస్టు నన్ను ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టారు. తరువాత పట్టుబలం కొలిచే పరికరాన్ని శక్తికొద్దీ నొక్కి, చెప్పగానే వదలమన్నారు. బలం 90 శాతం నుంచి 5 శాతానికి దిగడానికి పట్టే సమయమే అక్కడ కొలత. మొదటిసారి వేళ్లు విడివడడానికి చాలా సెకన్లు పట్టింది, నొక్కిన కొద్దీ ఆ సమయం తగ్గుతూ వచ్చి, ఆఖరికి ఆరోగ్యవంతుడి చేతికీ నా చేతికీ పెద్దగా తేడా లేకపోయింది. "ఆ మొదటి అంకెకీ చివరి అంకెకీ మధ్య తేడాలోనే ఉందండీ మీ జబ్బు" అన్నారాయన. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగి వచ్చి కూర్చునే పరీక్షనూ, మెట్ల పరీక్షనూ కూడా విశ్రాంతి తరువాతే చేయించారు.

కండరంలోని విద్యుత్ స్పందనలను పట్టే ఈఎంజీ పరీక్షకు సూది పెట్టినప్పుడు, కిందికి దూసుకొచ్చే విమానంలాంటి మోత స్పీకరులో వినిపించింది. కండరపు పొరలో క్లోరైడ్ అయాన్లను పోనిచ్చే మార్గం సరిగా పనిచేయక, పని ముగిశాక కూడా విద్యుత్ స్పందనలు ఆగకపోవడమే దానికి కారణం. 1876లో డేనిష్ వైద్యుడు థామ్సన్ తనలోనూ తన కుటుంబంలోనూ చూసి వర్ణించిన రకంలో లోపమున్న జన్యువు ఒక్కటి సంక్రమించినా చాలు. నాది బెకర్ రకం, దీనికి రెండు ప్రతులూ చెడాలి. మా అమ్మానాన్నలది మేనరికం, చెరొక ప్రతీ నాకు చేరింది. ఈ రకంలో మొదటి కదలికల్లో బలం కూడా కాసేపు పడిపోతుంది కనుక, వదిలే సమయంతో పాటు పట్టుబలాన్నీ రాసుకోవాలి.

ఈసీజీ చూశాకే మెక్సిలెటిన్ మొదలుపెట్టారు; అది మొదట గుండె లయ కోసం వాడిన మందు. 2012లో వెలువడిన 59 మంది రోగుల పరీక్షలో అది బిగుతును తగ్గించిందని తేలింది. తొలి రోజుల్లో కడుపులో మంట బాధించినా, కొన్ని వారాలకు నా మొదటి పట్టు వదిలే సమయం స్పష్టంగా తగ్గింది. మందు ఆపితే బిగుతు తిరిగి వస్తుంది, కాబట్టి నా కోలుకోవడం జబ్బు పోవడం కాదు; అయినా రోడ్డు దాటేటప్పుడు ఇప్పుడు భయం లేదు. సమీక్షకు వెళ్లినప్పుడల్లా అదే వేళకు, అంతే విశ్రాంతి తీసుకున్నాకే కొలవమని నేనే అడుగుతాను.